బండి నడిపినవారి పేరు

“నిన్న బండి నువ్వు నడిపావు,” అన్నాడు భర్త.

బీన్స్‌కి ఈనెలు తీస్తున్న ఆమె చేతులు ఆగిపోయాయి. శనివారం పొద్దున్న, ఇంకా తొమ్మిదైనా కాలేదు. వంటింటి గట్టు మీద ఈనెలు తీసిన కుప్పకీ తియ్యాల్సిన కుప్పకీ మధ్య కాస్త చోటు చేసుకుని, తడి తగలకుండా కింద పాత పేపరు వేసి మరీ, అతనొక కాగితం పరిచాడు. కారు ఇన్సూరెన్స్ ఫారం. కరెంటు బిల్లు ఎప్పుడొస్తుందో కూడా తెలియని మనిషి, దీన్ని మాత్రం పొద్దున్నే లేచి గుండ్రటి అక్షరాలతో పూర్తి చేశాడు. ఒక్క గడి వదిలేశాడు. ప్రమాదం జరిగినప్పుడు బండి నడిపినవారి పేరు, సంతకం.

“నిన్న నాలుగింటికి నేను లైబ్రరీలో ఉన్నానండీ,” అంది.

“ఉన్నావులే. నేను చెప్పేది ఫారంలో సంగతి.”

“హాజరు పుస్తకంలో నా సంతకం కూడా ఉంది.”

“ఇన్సూరెన్స్ వాళ్లు పనిగట్టుకుని వచ్చి మీ లైబ్రరీ హాజరు పుస్తకం తిరగేస్తారా? ఏంటి నువ్వు! పదకొండింటికి సర్వేయరు వస్తాడు. దెబ్బ చూస్తాడు, ఫోటోలు తీసుకుంటాడు, పోతాడు. నీది ఒక్క సంతకం, అంతే.”

జరిగింది పెద్ద ప్రమాదమేమీ కాదు. అత్తగారికి కంట్లో శుక్లం తీసి వారమైంది. నిన్న సాయంత్రం ఆమెని కంటి డాక్టరుకి చూపించడానికి కొడుకు తీసుకెళ్లాడు. డాక్టరు ఏదో అర్జంటు ఆపరేషన్‌లో ఉండి, మర్నాడు పన్నెండింటికి రమ్మని కబురు పంపాడు. ఆ విసుగులో అతను ఆసుపత్రి ఆవరణలో బండి రివర్స్ చేస్తూ సిమెంటు స్తంభానికి ఆనించాడు. ఎవరికీ గోరంత దెబ్బ తగల్లేదు. బంపరు ఒకపక్క లోపలికి పోయింది, దాని పైన రేకు సొట్టపడింది, లైటు అద్దం పగిలింది. మామూలుగా అయితే ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోను చేస్తే తీరిపోయే పని. కానీ ఫోను చేసిన తర్వాత పర్సులోంచి లైసెన్సు తీసి చూసుకుంటే, దాని గడువు ముగిసి రెండు నెలలైంది. గడువు దాటిన లైసెన్సుతో నడిపాడంటే క్లెయిమ్ రాదు.

“నువ్వింకోసారి గుర్తుచేసి ఉంటే ఈ తలనొప్పే ఉండేది కాదు,” అన్నాడు. గొంతులో కోపం లేదు. వాన పడి ఉంటే బట్టలు తడిసేవి అన్నంత మామూలుగా అన్నాడు.

వంటింటి అలమర తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించి ఉంటుంది. అత్తగారి బీపీ మాత్రలు ఎప్పుడయిపోతాయి, నీళ్ల ఫిల్టరు ఎప్పుడు మార్చాలి, ఎవరి పన్ను ఎప్పుడు చూపించుకోవాలి, ఏ కార్డు గడువు ఎప్పుడు ముగుస్తుంది, అన్నీ ఆమె చేతిరాతలో ఉంటాయి. ఇంటికి వచ్చినవాళ్లకి ఆ తలుపు తెరిచి చూపించి నవ్వడం అతనికి సరదా. ‘మా ఇంటి కలెక్టరాఫీసు’ అంటాడు. నవ్వేవాళ్లంతా దాని మీద ఆధారపడే బతుకుతున్నారన్న సంగతి ఎవరికీ తట్టదు. అతని లైసెన్సు తేదీ కూడా అందులో ఉంది. ఆమె రెండుసార్లు చెప్పింది. మొదటిసారి ‘చూద్దాంలే’ అన్నాడు. రెండోసారి ‘అస్తమానం నా వెంట పడతావేంటి, నేనేమన్నా బళ్లో పిల్లాణ్ణా?’ అన్నాడు. మూడోసారి చెప్పడానికి ఆమెకి మనసొప్పలేదు. ఇప్పుడు ఆ మూడోసారి చెప్పకపోవడం ఆమె నేరమైంది. అన్యాయం ఏమిటంటే, ఒక్క నిమిషం ఆమెకి కూడా అలాగే అనిపించింది. పోనీ ఇంకోసారి చెప్పి ఉండాల్సింది కదా అని తనలో తాను గొణుక్కుంది. ఇన్నేళ్ల సంసారంలో ఆమెకి అబ్బిన గొప్ప విద్య అది, ఎవరి తప్పునైనా రెండడుగుల్లో తన దాకా తెచ్చుకోగలదు.

“నీ లైసెన్సు ఉంది కదా, ఎందుకూ పనికిరాకుండా. ఇప్పుడు పనికొస్తుంది,” అన్నాడతను, కాగితాన్ని ఆమెవైపు ఒక జానెడు జరుపుతూ.

ఎందుకూ పనికిరాని ఆ లైసెన్సుకీ ఒక కథ ఉంది. పదకొండేళ్ల కిందట ఇద్దరూ కలిసే డ్రైవింగ్ నేర్చుకున్నారు. పరీక్ష ఆమె మొదటిసారే పాసైంది, అతను రెండోసారికి అయ్యాడు. ఈ ముక్క ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. అప్పట్లో ఉన్న పాత కారుని ఆమె ఒకే ఒక్కసారి నడిపింది. పక్కన కూర్చుని అతను లేని బ్రేకుని కాలితో తొక్కుతూ ‘ఆగు, ఆగు, చూసుకో, లారీ, అయ్యో!’ అని అరిచాడు. ఎదురుగా ఉన్న లారీ ఆగి ఉన్న లారీ. ఆమె బండి పక్కకి తీసి తాళాలు అతని చేతిలో పెట్టింది. అంతే. తర్వాత కొన్న ఈ కారుకి ఆరేళ్లు. ఈ ఆరేళ్లలో ఆమె దీని సీటు కవర్లు ఉతికింది, అద్దాలు తుడిచింది, సర్వీసింగు తేదీలు రాసి పెట్టింది. స్టీరింగ్ మాత్రం ముట్టుకోలేదు. అయినా లైసెన్సు గడువు ముగిసేలోపే సెలవు పెట్టి, వరసలో నిలబడి, పొడిగించుకుని వచ్చింది. ఎందుకని ఎవరైనా అడిగితే జవాబు ఉండేది కాదు.

ఇప్పుడు జవాబుంది. అది ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆమె పనిచేసే లైబ్రరీకి ఒక వ్యాన్ ఉంది. లోపల రెండువైపులా పుస్తకాల అరలు. వారానికి ఐదు రోజులు ఊరి చివరి వీధులకి వెళ్తుంది. దాన్ని ఇరవై ఏళ్లుగా నడుపుతున్న పెద్దాయన్ని అందరూ డ్రైవర్ బాబాయి అంటారు. ఈ నెలాఖరుకి ఆయన రిటైరవుతున్నాడు. బయటివాళ్లని తీసుకోవాలా, ఉన్నవాళ్లలో ఎవరైనా నడుపుతారా అని హెడ్ మేడమ్ అడిగినప్పుడు, చిరిగిన పుస్తకాలకి జిగురు పూస్తున్న ఆమె, చేతికి జిగురుతోనే చెయ్యెత్తింది. నాలుగు నెలలుగా మధ్యాహ్నం భోజనం పావుగంటలో ముగించి, లైబ్రరీ వెనక మైదానంలో బాబాయి దగ్గర నేర్చుకుంది. పుస్తకాల బరువుతో ఉన్న వ్యాన్‌ని రెండు గోడల మధ్య నుంచి వెనక్కి తీసింది. దిగి చూసిన బాబాయి ‘నాకు ఇలా రావడానికి మూడేళ్లు పట్టింది తల్లీ’ అన్నాడు. ఆ రోజు సాయంత్రం బస్సులో వస్తూ ఆమె కారణం లేకుండా నవ్వుకుంది. పక్కనున్నావిడ అనుమానంగా చూసి జరిగి కూర్చుంది.

సోమవారం హెడ్ మేడమ్ ఆమె పేరు పైఆఫీసుకి పంపాలి. షరతు ఒకటే. గడిచిన మూడేళ్లలో నడిపే మనిషి పేరు మీద ప్రమాదం గానీ క్లెయిమ్ గానీ ఉండకూడదు. వ్యాన్‌లో పిల్లలు కూడా ఎక్కుతారు కాబట్టి, ఒక్కటి కనిపించినా ఆ పేరు పక్కన పెట్టేస్తారు.

బీన్స్ పక్కనున్న కాగితంలో అడుగుతున్న పేరు కూడా అదే.

“ఆలోచించుకుని చెప్తాను,” అంది.

“ఆలోచించుకోవడానికేముంది ఇందులో?” అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్లాడు.

ఆ వ్యాన్ సంగతి అప్పుడే చెప్పేయొచ్చు కదా అని మీరు అనుకోవచ్చు. ఆమె కూడా అనుకుంది. నాలుగు నెలలుగా ప్రతి రాత్రీ పళ్లెం ముందు కూర్చున్నప్పుడల్లా అనుకుంది. అతను వద్దంటాడని భయం లేదు. వద్దంటే వాదించడం ఆమెకి వచ్చు. అతను నవ్వుతాడని భయం. ఆ నవ్వు విన్నాక ఆ రెండు గోడల మధ్య వ్యాన్‌ని వెనక్కి తీసిన మధ్యాహ్నం మళ్లీ అలాగే మిగలదని ఆమెకి తెలుసు.

తొమ్మిదింటికి అత్తగారికి కంట్లో చుక్కలు వెయ్యాలి. ఆవిడ అప్పటికే వెల్లకిలా పడుకుని, నల్లకళ్లద్దాలు తీసి పొట్ట మీద పెట్టుకుని సిద్ధంగా ఉంది.

“వాడు అడిగాడా?” అంది కళ్లు మూసుకునే.

“అడిగారు అత్తయ్యా.”

“రాసిచ్చెయ్యకూడదూ! ఆ మాట అంటే నీ సొమ్మేం పోయింది? రాత్రంతా వాడికి నిద్ర లేదు, పాపం.” మళ్లీ తనే, “నేను పడలేదా చెప్పు?” అంది.

“మీరేం పడ్డారు?”

“బస్సు సంగతి.”

బస్సు సంగతి ఆ చుట్టాలందరికీ కంఠస్థం. ఎనిమిది నెలల పసివాణ్ణి బస్సు సీట్లో నిద్రపుచ్చి, సామాన్లన్నీ లెక్కపెట్టుకుని దించుకుని, బిడ్డని మాత్రం బస్సులోనే మర్చిపోయి దిగిపోయిన తల్లి కథ. తర్వాతి స్టాపులో కండక్టరు దించి ఉంచాడు కాబట్టి సరిపోయింది. ఏ పెళ్లికి వెళ్లినా ఎవరో ఒకరు మొదలుపెడతారు. ఆ పసివాడు పెరిగి పెద్దవాడై, ఇప్పుడు పక్క గదిలో స్నానం చేస్తున్నవాడే, అందరికంటే బాగా చెబుతాడు. ‘మా అమ్మకి నాకంటే ట్రంకు పెట్టె ముఖ్యం’ అని ముగిస్తాడు. అత్తగారు కూడా నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది.

“వాణ్ణి మర్చిపోయింది నేను కాదు,” అంది అత్తగారు. “నా రెండు చేతుల్లో సామాను. పిల్లాడు మీ మామయ్య పక్కనే ఉన్నాడు. ఆయన కునుకు తీసి, ఉలిక్కిపడి లేచి, చేతులూపుకుంటూ దిగిపోయారు. ఇంటికొచ్చాక వాకిట్లోనే మా అత్తగారు నిలదీస్తే, ‘అదే మర్చిపోయింది’ అనేశారు. నా వైపు చూశారు. ఎలా చూశారంటే... సర్లే, ఒక్క మాటే కదా, పెద్దావిడ ముందు ఆయన తల వంచుకోవడం ఎందుకు అని ఊరుకున్నాను. నవ్వుతారమ్మాయ్, నాలుగు రోజులు నవ్వుతారు. తర్వాత మర్చిపోతారు.”

చుక్కల సీసా పట్టుకున్న చేయి గాల్లోనే ఉండిపోయింది. “మర్చిపోయారా అత్తయ్యా?”

ఆవిడ రెప్ప పట్టుకుని చుక్క వేయించుకుంది. నలభై ఏళ్లకు దగ్గర పడుతున్న నవ్వు అది. మామగారు పోయి ఆరేళ్లయింది, అయినా ఆయన మర్చిపోయిన బిడ్డని ప్రతి పెళ్లిలోనూ ఈవిడే మర్చిపోతోంది.

“ఇంకో చుక్క వెయ్యి,” అంది అత్తగారు చివరికి. “మొదటిది బయటికి పోయినట్టుంది.”

గదిలోంచి బయటికి వచ్చేసరికి అతను బాల్కనీలో తల తుడుచుకుంటూ ఫోన్లో తమ్ముడితో మాట్లాడుతున్నాడు. చేతిలో తువ్వాలు ఉంది కాబట్టి ఫోను స్పీకరులో పెట్టాడు.

“బండి చూపించావా అన్నయ్యా? వదిన ఏమంటోంది?” అవతల మరిది అప్పటికే నవ్వుతున్నాడు. “రాత్రి నువ్వు చెప్పినప్పట్నుంచి మా ఇంట్లో ఒకటే నవ్వు. స్తంభం కనపడలేదా వదినకి, పుస్తకంలో ఉంటేనే కనపడుతుందా?”

“ఏం చెప్పమంటావురా,” అన్నాడు ఆమె భర్త, అతనూ నవ్వుతూ. “మీ వదినకి రివర్స్ అంటే తెలుసుగా.”

ఆమె తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. అంటే తనని అడిగింది పొద్దున్న, తన పేరు వాడుకున్నది నిన్న రాత్రి. తను భోజనాల బల్ల తుడుస్తుండగా, తన ఇంట్లోనే, పక్క గదిలోనే, తను కారు గుద్దేసింది. మరిది నవ్వాడు, తోడికోడలు నవ్వింది, ఆ ఇంట్లో పిల్లలు కూడా నవ్వే ఉంటారు. ఇందులో అందరికంటే ఆఖర్న తెలిసింది గుద్దినదానికే. ఆమెకి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, పెళ్లయిన కొత్తలో ఎప్పుడో వచ్చినంత స్పష్టంగా వచ్చింది. లోపలికి వెళ్లి మిగిలిన బీన్స్ అన్నీ చకచకా కోసేసింది. ఒక్క ముక్కా సమానంగా రాలేదు.

సర్వేయరు సరిగ్గా పదకొండింటికి వచ్చాడు. బక్కపల్చటి మనిషి, రిటైర్మెంటుకి దగ్గరగా ఉన్నట్టున్నాడు. సంచిలోంచి కొలత టేపు తీసి, మోకాళ్ల మీద కూర్చుని, నేల నుంచి సొట్ట దాకా కొలిచి రాసుకున్నాడు. భర్త అంతకు ముందే కారంతా కడిగి, పగిలిన ముక్కలు ఏరి, కాగితాలన్నీ క్లిప్పు పెట్టి ఉంచాడు. ఆమె టీ తెచ్చి ఇచ్చింది. అత్తగారు నల్లకళ్లద్దాలతో గుమ్మంలో నిలబడి ఉంది.

“నడిపింది ఎవరండీ?” అన్నాడు సర్వేయరు, టీ తాగుతూ.

“మా ఆవిడేనండీ,” అన్నాడతను. ఆడవాళ్ల డ్రైవింగ్ కేసులు మీ దాకా ఎన్ని వచ్చుంటాయో అన్నట్టు నవ్వాడు. సర్వేయరు నవ్వలేదు.

“అయితే అమ్మా, ఒక్కసారి సీట్లో కూర్చోండి. స్టీరింగ్ పట్టుకుని ఉన్నట్టు ఒక ఫోటో కావాలి. ఇది నా పద్ధతి. కాగితం మీద అందరూ ఒకేలా నడుపుతారు.”

ఆమె భర్తవైపు చూసింది. అతను కళ్లతోనే ‘కూర్చో’ అన్నాడు. ఆ చూపులో బతిమాలడం ఉంది, అది ఆమెకి కనిపించకపోలేదు.

కూర్చుంది. వీపు ఎక్కడో దూరంగా ఉన్న సీటుకి ఆనింది. అతను మంచి పొడగరి, సీటు చివరి దాకా వెనక్కి జరిపి ఉంది. ఆమె కాళ్లు చాపినా బ్రేకు అందలేదు, వేళ్ల చివర్లు గాల్లో ఆగాయి. అద్దంలో చూస్తే కారు పైకప్పు కనిపించింది. అన్నీ ఆలోచించాడు అతను, ఫారం నింపాడు, గాజు ముక్కలు ఏరాడు, తమ్ముడికి ముందే చెప్పి కథ గట్టి చేసుకున్నాడు. భార్య కాళ్లు ఎక్కడిదాకా అందుతాయన్నది మాత్రం తట్టలేదు. ఆరేళ్లలో ఒక్కసారైనా ఆలోచించాల్సిన అవసరం వస్తే కదా.

సర్వేయరు ఫోను పైకెత్తినవాడల్లా దించాడు. ఆమె పాదాలవైపు చూశాడు.

“నిన్న ఇలాగే నడిపారా అమ్మా?” మెత్తగా అడిగాడు.

“ఇందాక కడగడానికి సీటు నేనే జరిపానండీ,” అన్నాడు భర్త చప్పున. “చెప్పు, నువ్వు చెప్పు.”

అబద్ధం వండి వడ్డించి ఉంది. ఆమె తలూపితే చాలు. తలూపితే ఇవాళ ఇల్లు హాయిగా ఉంటుంది, సాయంత్రం అతను ఏదైనా కొని తెస్తాడు, సొట్ట పోతుంది. సోమవారం హెడ్ మేడమ్‌కి ‘నా పేరు తీసేయండి’ అని చెప్పాలి. ఎందుకని ఆవిడ అడుగుతుంది. అప్పుడు ‘రివర్స్ చేస్తూ స్తంభానికి గుద్దానండీ’ అని చెప్పాలి, డ్రైవర్ బాబాయి వింటుండగా చెప్పాలి. ఆమె అత్తగారి ముఖం చూసింది. నల్లకళ్లద్దాల వెనక ఏముందో కనపడలేదు.

ఆమె వంగి సీటు కింద చెయ్యి పెట్టి మీట లాగింది. సీటు ముందుకు వచ్చింది, పాదం బ్రేకు మీద నిండుగా ఆనింది. అద్దం కిందికి వంచుకుంది.

“ఈ కారులో ఈ సీట్లో కూర్చోవడం నాకిదే మొదటిసారండీ,” అంది సర్వేయరుతో.

సర్వేయరు టీ మొత్తం తాగి, కప్పు గోడ మీద పెట్టాడు. భర్త కళ్లు నేలకి దించేశాడు, చెవులు ఎర్రబడ్డాయి.

“ఫారం మీద ఇంకా సంతకం పడలేదు,” అన్నాడు సర్వేయరు, ఎవరికి చెబుతున్నాడో తెలియకుండా. “క్లెయిమ్ వద్దనుకుంటున్నామని ఒక్క ముక్క రాసిస్తే, నేను వచ్చాను, టీ తాగాను, వెళ్లాను. అంతే.” ఆమె భర్త రాసిచ్చాడు. ఆ గుండ్రటి అక్షరాలు ఈసారి గుండ్రంగా రాలేదు.

గేటు మూసుకున్న తర్వాత అతను ఆమెవైపు తిరిగాడు. “బయటివాడి ముందు నా పరువు తీశావు. అంత కాని మాట ఏమన్నాను నిన్ను?”

“సోమవారం లైబ్రరీ వ్యాన్‌కి నా పేరు పంపిస్తున్నారు. నడపడానికి. నాలుగు నెలలుగా నేర్చుకుంటున్నాను. నా పేరు మీద ఒక్క ప్రమాదం ఉన్నా ఇవ్వరు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నవ్వుతారని.”

అతను నవ్వలేదు. ముఖంలో కోపం ఉండాల్సిన చోట ఏదో తికమక కనిపించింది. అది చూసి ఆమెకి జాలేసింది, ఆ జాలిని ఈసారి దగ్గరికి రానివ్వలేదు.

“రాత్రి మీ తమ్ముడికి చెప్పింది కూడా మీరే సరిచెయ్యాలి,” అంది. “నేను చెయ్యను.”

“వాడికి చెప్పేటప్పుడు నాకూ చెప్పు, పక్కన కూర్చుంటా,” అంది అత్తగారు గుమ్మంలోంచి కొడుకుతో. “ముందు పన్నెండవుతోంది, డాక్టరు మళ్లీ దొరకడు.”

అతని చేయి అలవాటుగా తాళాల కోసం వెళ్లింది. మధ్యలో ఆగిపోయింది. “ట్యాక్సీ పిలుస్తాను,” అన్నాడు.

“ఎందుకండీ? ఈ ఇంట్లో ఒకరికి లైసెన్సు ఉంది కదా,” అంది ఆమె, ఇంకా ఆ సీట్లోంచి లేవకుండానే చెయ్యి చాపి.

తాళాలు ఆమె చేతిలో పడటానికి కాస్త సమయం పట్టింది. అత్తగారు ముందు తలుపు తీసుకుని, ‘నేనిక్కడ కూర్చుంటా’ అని కూర్చుని, బెల్టు ఎక్కడుందో తడుముకుంది. అతను వెనక సీట్లోకి ఎక్కాడు. ఎక్కి స్థిమితంగా కూర్చోలేదు, రెండు సీట్ల మధ్యకి వంగి, వెనక్కీ ముందుకీ తల తిప్పుతూ, “నెమ్మదిగా... ఎడమవైపు గోడ ఉంది... చూసుకో...” అంటున్నాడు.

ఆమె రివర్స్ గేరు వేసింది. బ్రేకు మీద పాదం అలాగే ఉంచి, అద్దంలోకి చూసింది.

“మీరు కాస్త పక్కకి జరగండి,” అంది. “అద్దంలో మీరు తప్ప నాకింకేం కనపడట్లేదు.”